చిన్న కారుకు సైకిల్ ర్యాక్: టేపుతో కొలవడం నుంచి తొలి ప్రయాణం దాకా

ఆదివారం తెల్లవారక ముందే చేవెళ్ల మీదుగా అనంతగిరి కొండల వైపు వెళ్లే దారిలో, వెనక సైకిళ్లు కట్టుకున్న కార్లు ఒకటీ అరా కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి అక్కడికి దాదాపు 75 కిలోమీటర్లు. అంత దూరం లారీల పక్కన తొక్కి, ఆ అలసటతోనే కొండ ఎక్కడం అందరి వల్లా కాదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకుకు వెళ్లాలన్నా, ఉప్పల్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉండేవారు ముందుగా నగరమంతా దాటాలి. విశాఖలో ఉంటూ అరకు ఘాట్ రోడ్డు మీద తొక్కాలనుకునేవారిదీ ఇదే పరిస్థితి. ఇంట్లో ఉన్నదేమో చిన్న కారు.

నా మొదటి ర్యాక్‌ను పెట్టె మీద ‘అన్ని హ్యాచ్‌బ్యాక్‌లకూ సరిపోతుంది’ అన్న మాట చూసి కొన్నాను. ఇంటికి తెచ్చి బిగిస్తే పై కొక్కేలు రెండూ డిక్కీ తలుపు పైన ఉండే ప్లాస్టిక్ స్పాయిలర్ మీద కూర్చున్నాయి. గట్టిగానే ఉందనిపించింది. రెండో ప్రయాణం నుంచి తిరిగి వచ్చాక కారు కడుగుతుంటే స్పాయిలర్ అంచున వెంట్రుకంత సన్నని పగులు వేలికి తగిలింది. సైకిళ్లకు ఏమీ కాలేదు, ర్యాక్ చెక్కుచెదరలేదు, దెబ్బ తిన్నది కారు. అప్పటి నుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను: ర్యాక్‌ను సైకిల్ చూసి కాదు, కారు చూసి ఎంచుకోవాలి. అందుకే సైకిల్ బరువు ఒకటి ముందు చూసుకున్నాక, ఈ వ్యాసం ఎక్కువగా కారు చుట్టూనే నడుస్తుంది.

దుకాణంలో అడిగేటప్పుడు ఒక్క జాగ్రత్త. మన దగ్గర ‘సైకిల్ క్యారియర్’ అంటే సైకిల్ వెనక చక్రం మీద బిగించే క్యారియర్‌నే చూపిస్తారు. ‘కారుకు బిగించే సైకిల్ ర్యాక్’ అని విడమరిచి అడగండి.

మొదటి అడుగు: సైకిల్‌ను తూచండి

ఇంట్లో బరువు చూసుకునే మిషను ఉంటే చాలు. సైకిల్‌ను ఎత్తుకుని దాని మీద నిలబడండి, తర్వాత మీ బరువు తీసేయండి. గేర్లున్న హైబ్రిడ్ సైకిల్ సాధారణంగా 13 నుంచి 15 కిలోలు తూగుతుంది. రోడ్డు సైకిల్ 8 నుంచి 10, మౌంటెన్ సైకిల్ 14 నుంచి 16 ఉంటాయి. తాతల కాలం నుంచి వస్తున్న నల్లటి ఉక్కు సైకిల్ అయితే 20 దాటుతుంది. బ్యాటరీ సైకిల్ 20 నుంచి 25 కిలోల దాకా ఉంటుంది.

డిక్కీకి పట్టీలతో కట్టే ర్యాక్‌లలో ఎక్కువ భాగం ఒక్కో సైకిల్‌కు 15 కిలోల పరిమితి పెడతాయి. బ్యాటరీ సైకిల్ ఉన్నవారు ఆ రకాన్ని ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు. బ్యాటరీ ఊడదీసి కారు లోపల పెట్టుకుంటే రెండు మూడు కిలోలు తగ్గుతాయి కానీ, అంతమాత్రాన పరిమితిలోకి రాదు.

సైకిల్ ఆకారం కూడా చూసుకోండి. పట్టీల ర్యాక్‌లో సైకిల్‌ను మోసేది సీటు నుంచి హ్యాండిల్ వైపు వెళ్లే పై గొట్టం. ఆడవారి సైకిళ్లకు, పిల్లల సైకిళ్లకు ఆ గొట్టం కిందికి వాలి ఉంటుంది, లేదా అసలే ఉండదు. సీటు కింది గొట్టానికీ హ్యాండిల్ మొదలుకీ మధ్య తగిలించే అడ్డకడ్డీ ఒకటి విడిగా దొరుకుతుంది. అది కొనాల్సి వస్తుందని ముందే లెక్క వేసుకోండి. కార్బన్ ఫ్రేము ఉన్నవారు గొట్టాన్ని పట్టి బిగించే ఏ ర్యాక్ జోలికీ వెళ్లకపోవడం మంచిది. కార్బన్ లాగుడును తట్టుకుంటుంది కానీ, ఒకే చోట నొక్కితే నలిగిపోతుంది.

రెండో అడుగు: అసలు ర్యాక్ అవసరమా?

తీసుకెళ్లేది ఒకటే సైకిల్, కారులో వెళ్లేది ఒకరో ఇద్దరో అయితే ర్యాక్ అక్కర్లేదు. వెనక సీటు మడిచి, రెండు చక్రాలూ ఊడదీస్తే స్విఫ్ట్, ఐ10 లాంటి కార్లలో సైకిల్ లోపలే పడుతుంది. డబ్బు ఖర్చు లేదు, దొంగల భయం లేదు, వర్షం భయం లేదు. నేను ఒంటరిగా వెళ్లేటప్పుడు ఇప్పటికీ ఇలాగే తీసుకెళ్తాను.

లోపల పాత దుప్పటి పరిచి, చైనూ గేర్లూ ఉన్న కుడివైపు పైకి ఉండేలా సైకిల్‌ను పడుకోబెట్టండి. హైడ్రాలిక్ డిస్కు బ్రేకులైతే చక్రం తీసిన తర్వాత బ్రేకు పిడి నొక్కకూడదు. నొక్కితే లోపలి ప్యాడ్లు దగ్గరికి వచ్చేస్తాయి, చక్రం మళ్లీ దూరదు. మందపాటి అట్టముక్క ఒకటి ప్యాడ్ల మధ్య దోపితే ఆ బాధ ఉండదు. చక్రాలనూ ఫ్రేమునూ సీటు బెల్టుకో, డిక్కీలోని కొక్కేలకో కట్టేయండి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు లోపల వదులుగా ఉన్న ప్రతి వస్తువూ ముందు కూర్చున్నవారి మీదికి దూసుకొస్తుంది.

సీఎన్‌జీ కారైతే డిక్కీలో సిలిండర్ ఉంటుంది కాబట్టి ఈ పద్ధతి చాలావరకు కుదరదు. తక్కువ ధర మోడళ్లలో వెనక సీటు మొత్తం ఒకే ముక్కగా మడుస్తారు. అప్పుడు వెనక ఎవరూ కూర్చోలేరు. సైకిళ్లు రెండున్నా, పిల్లలు వెంట ఉన్నా ఇక బయటే కట్టాలి.

మూడో అడుగు: డిక్కీ తలుపును చేత్తో పరీక్షించండి

చిన్న కార్లకు ఎక్కువ మంది కొనేది పట్టీల ర్యాక్. కారుకు రంధ్రాలు చేయనక్కర్లేదు, పని అయ్యాక విప్పి అటక మీద పెట్టుకోవచ్చు. సాధారణంగా ఆరు పట్టీలు ఉంటాయి. పై రెండూ బరువు మోస్తాయి. కింది రెండూ ర్యాక్ వెనక్కి ఊగకుండా లాగి పట్టుకుంటాయి. పక్కవి రెండూ అటూ ఇటూ జరగకుండా ఆపుతాయి. ప్రతి పట్టీ చివర రబ్బరు తొడుగున్న లోహపు కొక్కెం ఉంటుంది. అది డిక్కీ తలుపు అంచుకు పట్టుకుంటుంది.

అన్నిటికన్నా ముఖ్యం ఆ అంచు. డిక్కీ తలుపు ఎత్తి, చుట్టూ వేలితో తడుముతూ రండి. పై అంచున రేకు తగలాలి. ప్లాస్టిక్ స్పాయిలర్ ఉంటే దానికీ రేకుకూ మధ్య కొక్కెం దూరే సందు ఉందో లేదో చూడండి. సందు లేకపోతే కొక్కెం ప్లాస్టిక్ మీదే కూర్చుంటుంది. నా కారుకు జరిగింది అదే. పక్క అంచుల్లోనూ, కింది అంచులోనూ ఇలాగే చూడాలి. కొక్కెం మందం వల్ల తలుపు పూర్తిగా మూతపడకపోయినా, చుట్టూ ఉన్న రబ్బరు నలిగినా వానాకాలంలో నీళ్లు లోపలికి వస్తాయి.

ఇప్పుడు తలుపు మూసి, బొటనవేలితో రేకు మధ్యలో నొక్కండి. కొద్దిగా లోపలికి పోయి, వదలగానే టప్పుమని వెనక్కి వస్తుంది. అంచుకు దగ్గరగా, మడత ఉన్న చోట అంతే బలంగా నొక్కి చూడండి, కదలదు. ర్యాక్ కాళ్ల కింద ఉండే రబ్బరు దిండ్లు ఆ కదలని చోట్ల కూర్చోవాలి. మెత్తని చోట కూర్చుంటే ఒకటి రెండు ప్రయాణాలకే సొట్ట పడుతుంది. ఇద్దరు మనుషులు, ఒక టేపు, పావుగంట సమయం ఉంటే ఈ పరీక్ష ఇంటి ముందే అయిపోతుంది. డబ్బు చేతులు మారకముందే చేసుకోవలసిన పని ఇది.

బరువు సంగతి ఇంకొకటి ఉంది. ఇంటి ముందు నిలిపి ఉంచిన కారు మీద రెండు సైకిళ్లు 28 కిలోలే. గుంతలో చక్రం దిగి పైకి లేచిన క్షణంలో అవే సైకిళ్లు పట్టీలను, తలుపు కీళ్లను దానికి రెట్టింపు బలంతో లాగవచ్చు. మన రోడ్ల మీద ఆ క్షణాలు గంటకు ఎన్నో. అందుకే మూడు సైకిళ్ల ర్యాక్ దొరికినా చిన్న కారుకు రెండింటితో ఆగిపొమ్మనే నేను చెబుతాను.

నాలుగో అడుగు: వెడల్పు లెక్క

దీన్ని చాలామంది మరిచిపోతారు. ఆల్టో కె10 వెడల్పు 1,490 మిల్లీమీటర్లు. వ్యాగనార్ 1,620. గ్రాండ్ ఐ10 నియోస్ 1,680. స్విఫ్ట్ 1,735. పెద్దవాళ్ల సైకిల్ పొడవు ముందు టైరు నుంచి వెనక టైరు దాకా దాదాపు 1,750 మిల్లీమీటర్లు, 29 అంగుళాల చక్రాల మౌంటెన్ సైకిల్ అయితే ఇంకాస్త ఎక్కువే. అంటే ఆల్టో వెనక అడ్డంగా కట్టిన సైకిల్ రెండు పక్కలా 13 సెంటీమీటర్లు బయటికి వస్తుంది. స్విఫ్ట్‌కు దాదాపు సరిసమానం.

పక్క అద్దాలు (మిర్రర్లు) తెరిచి ఉన్నప్పుడు కారు ఎంత వెడల్పు ఉంటుందో టేపుతో కొలవండి. సైకిల్ ఆ వెడల్పు దాటకుండా ఉంటే, అద్దం దూరిన సందులో సైకిలూ దూరుతుంది. దాటుతుంటే ముందు చక్రం ఊడదీసి లోపల పెట్టుకోండి, 30 సెంటీమీటర్లకు పైగా కలిసొస్తుంది. పక్క నుంచి స్కూటర్లు రాసుకుంటూ వెళ్లే మన ఊళ్లలో, బయటికి పొడుచుకొచ్చిన టైరు ఎవరి మోకాలికైనా తగలవచ్చు. ఈ విషయంలో ‘కొంచెమే కదా’ అనుకోవద్దని బతిమాలి చెబుతున్నాను.

నంబరు ప్లేటూ వెనక లైట్లూ కూడా ఈ లెక్కలోనివే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించాలి. పైగా ఇప్పుడు హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి కాబట్టి, అట్టమీద నంబరు రాసి సైకిల్‌కు వేలాడదీయడం పరిష్కారం కాదు. సైకిల్ చక్రాలు ప్లేటుకు పైగా ఉండేలా ఎత్తులో మోసే ర్యాక్‌లు ఉంటాయి. మీ కారుకు ప్లేటు డిక్కీ తలుపు మీద ఉందా, కింద బంపర్ మీద ఉందా అన్నదాన్ని బట్టి ఎంచుకోండి. ర్యాక్ బిగించి, సైకిళ్లు ఎక్కించి, పది అడుగులు వెనక్కి వెళ్లి నిలబడి చూడండి. బ్రేకు లైటు, ఇండికేటర్లు, నంబరు మూడూ కనిపించాలి. ఏ ఒక్కటి మరుగుపడినా సైకిల్ స్థానం మార్చాల్సిందే.

ఐదో అడుగు: పైకప్పు మీద అయితే?

పైకప్పు ర్యాక్‌తో వెనక తలుపు మామూలుగా తెరుచుకుంటుంది, లైట్లు మూసుకుపోవు, నంబరు ప్లేటు గొడవ లేదు. కానీ చిన్న కార్లలో ఎక్కువ వాటికి పైన రెయిల్స్, అంటే కప్పుకు రెండు పక్కలా పొడవునా ఉండే కడ్డీలు, ఉండవు. కొన్నిటికి ఉన్నా అవి అలంకారం కోసం అంటించినవి, బరువు మోయవు. రెయిల్స్ లేని కార్లకు తలుపు చట్రాన్ని పట్టుకునే క్రాస్‌బార్లు, అంటే కప్పు మీద అడ్డంగా వేసే కడ్డీలు, వస్తాయి. స్వీడన్‌కు చెందిన థూలే లాంటి సంస్థలు ఏ కారు మోడల్‌కు ఏ బిగింపు ముక్కలు సరిపోతాయో జాబితాలు ఇస్తాయి. ఆ జాబితాలో మీ కారు, అది తయారైన సంవత్సరం రెండూ కలిస్తేనే కొనండి.

తర్వాత కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీయండి. పైకప్పు ఎంత బరువు మోస్తుందో అందులో ఉంటుంది. చిన్న కార్లలో చాలావాటికి అది 50 నుంచి 75 కిలోల మధ్య. ర్యాక్ బరువు కూడా అందులోకే వస్తుంది. 50 కిలోల కారు అనుకుందాం. క్రాస్‌బార్లు 5 కిలోలు, సైకిల్ నిలబెట్టే పళ్లేలు రెండు కలిపి 8 కిలోలు, హైబ్రిడ్ సైకిళ్లు రెండు 28 కిలోలు. మొత్తం 41. సరిపోయింది. అవే ఉక్కు సైకిళ్లయితే పరిమితి దాటిపోతుంది. పుస్తకంలో పైకప్పు మీద బరువు పెట్టవద్దని రాసి ఉంటే ఇక ఆలోచన అక్కర్లేదు, ఈ రకం మీకు కాదు.

ఎత్తు కూడా చూసుకోవాలి. స్విఫ్ట్ ఎత్తు ఒకటిన్నర మీటరు పైచిలుకు, నిలబెట్టిన సైకిల్ మరో 1.1 మీటర్లు, ర్యాక్ ఇంకో 10 సెంటీమీటర్లు. మొత్తం 2.7 మీటర్ల పైమాట. అపార్టుమెంటు సెల్లార్లు, మాల్ పార్కింగులు తరచూ 2.1 నుంచి 2.4 మీటర్ల లోపే ఉంటాయి. నాలుగు గంటలు తొక్కి, ఎండలో తిరిగొచ్చి, అలవాటు కొద్దీ నేరుగా సెల్లార్‌లోకి దిగేవారున్నారు. సైకిల్ విరుగుతుంది, దాంతో పాటు కప్పు రేకూ వంగుతుంది. స్టీరింగ్ మీద ఒక కాగితం అంటించుకోండి: ‘పైన సైకిల్ ఉంది’. ఇది చాదస్తం కాదు, నాకు తెలిసినవారిని ఈ కాగితమే కాపాడింది.

పదిహేను కిలోల సైకిల్‌ను తల కన్నా ఎత్తుకు లేపగలరా అన్నది ఆఖరి ప్రశ్న. వెన్ను నొప్పి ఉన్నవారు, పొట్టిగా ఉన్నవారు దుకాణంలోనే ఒకసారి లేపి చూడాలి. వ్యాగనార్ లాంటి ఎత్తైన కారుకు ఇది ఇంకా కష్టం.

టో హుక్ సంగతి

అన్నిటికన్నా సుఖమైనది టో హుక్ మీద, అంటే ట్రైలర్ తగిలించడానికి కారు చట్రానికి వెనక బిగించే కొక్కెం మీద, కూర్చునే ర్యాక్. డిక్కీ రేకు మీద బరువు పడదు, సైకిల్‌ను నడుము ఎత్తుకు లేపితే చాలు. మన చిన్న కార్లకు టో హుక్ కంపెనీ నుంచి రాదు. బయట బిగించుకుంటే కారు నిర్మాణంలో మార్పు కింద అభ్యంతరం రావచ్చు. అందుకే ఇక్కడ నేను దీన్ని సిఫార్సు చేయను.

అమెరికాలో ఉన్న మనవారికి మాత్రం చిన్న కారుకైనా ముందు చూడమని చెప్పేది ఇదే. చిన్న కార్లకు అక్కడ సాధారణంగా 1.25 అంగుళాల రిసీవర్ (ర్యాక్ దూరే చదరపు గొట్టం) బిగిస్తారు. 2 అంగుళాల ర్యాక్ కొని తర్వాత చింతించకుండా, రిసీవర్ కొలత, అది నిలువుగా మోయగల బరువు ముందే కనుక్కోండి. ఐరోపాలో ఉన్నవారు ర్యాక్ వెనక అదనపు నంబరు ప్లేటుకు ఆ దేశపు నియమాలు చూసుకోవాలి.

ఆరో అడుగు: కొనే ముందు

దుకాణానికి కారులోనే వెళ్లండి. ర్యాక్ బిగించి చూపించమని అడగండి. కుదరదంటే, సరిపోకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి. పట్టీలను లాగి బకిల్ పట్టు చూడండి, గట్టిగా గుంజినా జారకూడదు. కొక్కేల రబ్బరు తొడుగు చివరి దాకా ఉండాలి, లోహం బయటికి కనిపిస్తే అది మీ కారు పెయింటును గీస్తుంది. సైకిల్ గొట్టాన్ని పట్టే ఊయలకు రబ్బరు పట్టీతో పాటు, కింద సీటు గొట్టాన్ని పట్టుకునే మూడో పట్టు ఉన్న రకాన్నే తీసుకోండి. అది లేకపోతే సైకిళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

పాతది కొంటుంటే పట్టీలను ఎండలో పెట్టి చూడండి. రంగు వెలిసి, అంచు పోగులు లేచి ఉంటే పట్టీలు మార్చాల్సిందే. ఏళ్ల తరబడి ఎండకు నైలాన్ బలహీనపడుతుంది.

ఏడో అడుగు: తొలిసారి బిగింపు

ప్రయాణం ముందు రోజు సాయంత్రం వెలుతురులో చేయండి, తెల్లవారుజామున టార్చి వెలుగులో కాదు.

ముందుగా తడిగుడ్డతో డిక్కీ తలుపు, బంపర్, ర్యాక్ దిండ్లు మూడూ తుడవండి. దిండు కింద ఇరుక్కున్న దుమ్ము దారంతా గరుకు కాగితంలా పెయింటును రాస్తుంది. ఈ ఒక్క పని చేయక కారు పాడుచేసుకున్నవారే ఎక్కువ. తర్వాత పై కొక్కేలు తగిలించి ర్యాక్‌ను సరైన ఎత్తులో నిలపండి. కింది పట్టీలు, ఆ తర్వాత పక్క పట్టీలు. అన్నీ సగం బిగించాక, మళ్లీ పై నుంచి ఒక్కొక్కటీ పూర్తిగా బిగించండి. ఒకవైపు మొత్తం బిగించి రెండో వైపుకు వెళ్తే ర్యాక్ ఒరుగుతుంది. ర్యాక్‌ను రెండు చేతులతో పట్టుకుని ఊపితే కారు కదలాలి, ర్యాక్ కదలకూడదు.

బరువైన సైకిల్ కారుకు దగ్గరగా, తేలికైనది బయట. రెండోదాన్ని తిప్పి, మొదటి దాని హ్యాండిల్ పక్కన రెండోదాని సీటు వచ్చేలా పెడితే ఇరుకు తగ్గుతుంది. కారు వైపు ఉన్న పెడలు పెయింటుకు తగులుతుంటే ఊడదీయండి. 15 మిల్లీమీటర్ల పానా చాలు. కుడి పెడలు మామూలు మరలాగే విప్పుకుంటుంది, ఎడమది మాత్రం తిరగేసి, గడియారం ముల్లు తిరిగే వైపుకు తిప్పాలి. ముందు చక్రం గాలికి అటూ ఇటూ ఊగకుండా ఫ్రేముకు కట్టేయండి. సీసాలు, గాలి పంపు, లైట్లు, ఫోను స్టాండు తీసేయండి. సైకిల్‌కు కవర్ మాత్రం తొడగవద్దు. కదిలే కారు మీద అది తెరచాపలా గాలి పట్టి పట్టీలను లాగుతుంది.

ఇప్పుడు సైలెన్సర్ గొట్టం ఎక్కడుందో వంగి చూడండి. దాని నుంచి వచ్చే వేడి గాలికి ఎదురుగా టైరు ఉండకూడదు, కనీసం మూరెడు దూరం ఉండాలి. నా మిత్రుడొకరి సైకిల్ టైరు అరకు ఘాటులో గంటన్నర పాటు ఆ వేడికి ఉండి, దిగేసరికి ఒక పక్క మెరుస్తూ మెత్తబడి ఉంది. వేలితో నొక్కితే గుర్తు పడింది. అక్కడ తొక్కడానికి వీల్లేక ఆయన కారులోనే కూర్చున్నారు.

పట్టీల తోకలు మిగులుతాయి. వాటిని చుట్టి ముడి వేయండి, లేదా డిక్కీ తలుపు సందులో దోపండి. వదిలేస్తే దారంతా రేకును చెళ్లుచెళ్లున కొడతాయి.

దారిలో

సైకిళ్లు ఉన్నంత సేపూ డిక్కీ తలుపు తెరవకూడదు. నీళ్ల సీసా, టిఫిను, పంచరు సామాను ముందే సీట్ల దగ్గర పెట్టుకోండి. రివర్స్ కెమెరాకు చక్రం తప్ప ఇంకేమీ కనిపించదు, సెన్సర్లు ఆగకుండా మోగుతాయి. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి దారి చూపించాలి. కారు పొడవు ఇప్పుడు దాదాపు ముప్పావు మీటరు పెరిగిందని గుర్తుంచుకోండి. గంటకు 80 కిలోమీటర్లు దాటవద్దు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పూర్తిగా నెమ్మదించండి.

బయలుదేరిన 10, 15 కిలోమీటర్లకు ఆగండి. పట్టీలు సాగి, దిండ్లు అణిగి మొదటి విడతలోనే వదులవుతాయి. ప్రతి పట్టీనీ వేలితో మీటి చూడండి. బిగుతుగా ఉన్నది తీగలా పలుకుతుంది, వదులైనది మూగగా ఊగుతుంది. టిఫిను కోసం ఆగినప్పుడు కారు కళ్ల ముందే ఉండే చోట కూర్చోండి. పట్టీని కోయడానికి చిన్న చాకు చాలు. పొడవాటి తీగ తాళం ఉంటే రెండు ఫ్రేముల గుండా తీసి, కారు చెడిపోతే లాగడానికి వెనక ఉండే కొక్కేనికి వేయండి.

తిరిగొచ్చాక ర్యాక్‌ను కారుకే వదిలేయవద్దు. విప్పేముందు ప్రతి పట్టీ మీద బకిల్ ఆగిన చోట చెరగని మార్కరుతో గీత పెట్టండి. కారు రేకు మీద దిండ్లు కూర్చున్న చోట్లు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి. మొదటిసారి ముప్పావుగంట పట్టిన బిగింపు, ఆ గీతలు చూసుకుంటూ చేస్తే తర్వాతి ఆదివారానికి పది నిమిషాల పని. తడిసిన పట్టీలను నీడలో ఆరబెట్టి, కొక్కేలకు తుప్పు పట్టకుండా పొడిగుడ్డతో తుడిచి సంచిలో పెట్టండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో అయితే మంచినీళ్లతో ఒకసారి కడిగి మరీ ఆరబెట్టండి.